పదహారున్నర గంటల లేఓవర్, ఒక క్షీరసాగరం



ఈ వారం వీడియోలో కూర్మావతారం గురించి చెప్పుకున్నాం కదా. తాబేలు వీపు సంగతి దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. రెండో టేక్‌లోనూ అంతే. చివరికి ఆ ముక్క తీసేసి వీడియో పెట్టాం. ఆ తీసేసిన ముక్కే ఈ పోస్ట్.

మనలో చాలామందికి లేఓవర్ అనుభవమే. అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్తూ, మధ్యలో ఏదో పెద్ద ఎయిర్‌పోర్ట్‌లో ఐదు గంటలు, పది గంటలు కూర్చోవడం. ఆ టైం ఎలా వాడుకోవాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. లాంజ్‌కి వెళ్ళమంటారు, షవర్ చేయమంటారు, వీసా రూల్స్ చూసుకుని ఊరు తిరిగి రమ్మంటారు. అవన్నీ మంచి సలహాలే. నేను చెప్పేది మాత్రం ఇంకొకటి. అన్ని గంటలు మనసుని ఎక్కడ పెట్టాలి అన్నది.

నేను మెల్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నాన్న ఫోన్ చేశారు. "నానమ్మకి అస్సలు బాలేదురా. ఐసీయూలో పెట్టారు. చూడాల్సినవాళ్ళని పిలిపించుకోమన్నారు" అన్నారు. ఇంక ఆలోచించలేదు. దొరికిన మొదటి టికెట్ కొన్నాను. రాత్రి ఒంటిగంటకి బయల్దేరి, ఉదయం 6 గంటలకి బ్యాంకాక్‌లో దిగాలి. అక్కడినుంచి హైదరాబాద్ ఫ్లైట్ మళ్ళీ రాత్రి 10:30కి. అంటే పదహారున్నర గంటలు. బ్యాంకాక్ నుంచి హైదరాబాద్‌కి ప్రయాణం మూడున్నర గంటలే. ఇల్లు కనిపించేంత దగ్గరలో ఉండి కూడా పగలంతా ఆగిపోవాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచడం బాగోదు. సంక్రాంతికి వస్తానని నానమ్మకి మాటిచ్చాను. ప్రాజెక్ట్ రిలీజ్ ఉందని మానేశాను. ఆ రిలీజ్ రెండు వారాలు వాయిదా పడింది, అయినా నేను వెళ్ళలేదు. "పర్లేదులే నాన్నా, ఉగాదికి రా" అంది నానమ్మ. బ్యాంకాక్‌లో దిగేసరికి ఉగాది ఇంకా నెల దూరంలో ఉంది.

ఆ ఎయిర్‌పోర్ట్ పేరు సువర్ణభూమి. 2006లో మొదలైంది. పేరు పెట్టింది అప్పటి థాయ్ రాజు భూమిబల్. అచ్చంగా మన సంస్కృతం మాటే. థాయ్ వాళ్ళు "సువన్నఫూమ్" అని పలుకుతారు. థాయ్‌లో విమానాశ్రయాన్ని "థా ఆకాత్సయాన్" అంటారు. ఆకాత్సయాన్ అంటే మన ఆకాశయానం. థా అంటే రేవు. అంటే ఆకాశయానపు రేవు! నాకు ఆ మాట చాలా నచ్చింది. రేవులో నిలబడ్డవాడి చేతిలో ఏముంటుంది? పడవ వచ్చినప్పుడే ఎక్కాలి.

మొదటి రెండు గంటలు నేను చేసింది చెబితే నవ్వుతారు. ఫోన్ తీయడం, వాట్సాప్ చూడటం, ఫోన్ పెట్టేయడం, మళ్ళీ తీయడం. నాన్న "అలాగే ఉంది" అని మెసేజ్ పెట్టారు. అయినా రెండు నిమిషాలకోసారి చూస్తూనే ఉన్నాను. రీల్స్ తెరిచాను, ఏం చూశానో ఒక్కటీ గుర్తులేదు. డ్యూటీ ఫ్రీలో తిరిగాను, చాక్లెట్లు చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేశాను. ముందు ఫ్లైట్‌లో సీటు ఏమైనా దొరుకుతుందా అని కౌంటర్‌లో అడిగాను. ఆ అమ్మాయి ఓపిగ్గా చూసి లేదంది. ఆమె మీద విసుక్కున్నాను. ఆమె తప్పేముంది, ఉన్న సీట్లే ఉంటాయి. తర్వాత వెనక్కి వెళ్ళి సారీ చెప్పాను.

అలా తిరుగుతుంటే ఎదురైంది ఆ శిల్పం. ఆ దారిలో వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. డిపార్చర్స్‌లో, షాపుల మధ్య, రంగురంగులుగా పెద్ద క్షీరసాగర మథనం. మధ్యలో మందరగిరి. దాని మీద నాలుగు చేతులతో విష్ణుమూర్తి. కింద తాబేలు. కొండకి చుట్టిన వాసుకి. పడగల వైపు రాక్షసులు, తోక వైపు దేవతలు. థాయ్ వాళ్ళు పాల సముద్రాన్ని "కసియన్ సముత్" అంటారు, అదీ మన క్షీర సముద్రమే. ఈ కథ ఆ ప్రాంతానికి కొత్తది కాదు. పక్కనే కంబోడియాలో, 12వ శతాబ్దంలో కట్టిన అంగ్‌కోర్ వాట్ గోడ మీద ఇదే దృశ్యం దాదాపు 49 మీటర్ల పొడవున చెక్కారు.

జనం వస్తున్నారు, సెల్ఫీ తీసుకుని వెళ్తున్నారు. నేను మాత్రం ఎదురుగా ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను. నాకు ఈ కథ చెప్పింది నానమ్మే మరి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. వేసవి సెలవులకి వెళ్తే పొద్దున్నే నానమ్మ మజ్జిగ చిలికేది. గుంజకి కట్టిన పెద్ద కవ్వం, దానికి తాడు. ఒక కొస తను పట్టుకుని, రెండో కొస నాకిచ్చేది. "నువ్వు రాక్షసుడివిరా, నేను దేవతని" అనేది. చేతులు నొప్పెట్టి వదిలేస్తే, "వెన్న పడే వేళకి తాడు వదులుతావేంట్రా" అని కేకలేసేది. వెన్న ఎప్పుడు పడుతుందో నాకెప్పుడూ తెలిసేది కాదు. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉండేది. ఉన్నట్టుండి కవ్వం బరువెక్కేది.

అక్కడ కూర్చుని ఫోన్‌లో భాగవతం అష్టమ స్కంధం తెరిచాను. పోతన గారి తెలుగు పద్యాలు చిన్నప్పుడు బడిలో చదివినవే. కానీ ఆ రోజు ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోయాను. మథనం మొదలుపెట్టకముందే శ్రీహరి దేవతలకి మూడు జాగ్రత్తలు చెబుతాడు. సముద్రంలోంచి విషం పుడుతుంది, భయపడకండి. తర్వాత రకరకాల వస్తువులు వస్తాయి, వాటికి ఆశపడకండి. అనుకున్నది దక్కకపోతే కోపం తెచ్చుకోకండి.

భయం, ఆశ, కోపం. నా పొద్దుటి రెండు గంటలు ఒకసారి చూసుకున్నాను. రెండు నిమిషాలకోసారి ఫోన్ తీయడం భయం. రీల్స్‌తో, షాపులతో ఖాళీని నింపేయాలనుకోవడం ఆశ. కౌంటర్ దగ్గర విసుక్కోవడం కోపం. మూడింటికి మూడూ చేసేశాను. అమృతం రావాలంటే ఏం చేయాలో స్వామి చెప్పింది ఒక్కటే, ఓపిగ్గా చిలకండి అని. వెనక్కి తగ్గకుండా, ఏమరకుండా.

గమనించండి, ఆయన "విషం రాకుండా నేను చూసుకుంటాను" అనలేదు. వస్తుందనే చెప్పాడు. మనం దేవుణ్ణి ఎక్కువగా అడిగేది కష్టం రానీయకు అనే. ఆయన ఇచ్చే మాట వేరు. వస్తుంది, నువ్వు తాడు వదలకు, నేను ఇక్కడే ఉంటాను అని.

సరే, నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఫోన్ సౌండ్ పెంచి జేబులో పెట్టాను. ఫోన్ మోగితే తీస్తాను, లేదంటే గంటకోసారే చూస్తాను. ముఖం కడుక్కుని, నీళ్ళ బాటిల్ నింపుకుని, ఆ పొడవాటి కారిడార్ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ నారాయణ నామం చెప్పుకున్నాను. జపమాల తెచ్చుకోలేదు, వేళ్ళ మీదే లెక్క. ఒక రౌండ్ నడక, కాసేపు కూర్చోవడం, రెండు పేజీలు చదవడం. మధ్యాహ్నం శాకాహారం వెతుక్కున్నాను. అక్కడ "మంగ్‌సవిరత్" అని అడగాలి. అదీ మన మాటే, మాంస విరతి! "జే" అని రాసి ఉంటే ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మనలో చాలామందికి పనికొచ్చే సంగతి కాబట్టి చెబుతున్నాను.

మనసు కుదురుగా నిలిచిందా అంటే, లేదు. పది నామాలకి ఒకసారి హాస్పిటల్‌కి వెళ్ళిపోయేది. మళ్ళీ తెచ్చుకునేవాణ్ణి. చిలకడమంటే అదే కదా, అటు లాగడం, ఇటు లాగడం.

2:10కి ఫోన్ మోగింది. మన టైం ప్రకారం మధ్యాహ్నం 12:40. నాన్న. "అమ్మ వెళ్ళిపోయిందిరా" అన్నారు. అంతే. నాన్న అలా చిన్నపిల్లాడిలా "అమ్మ" అనడం నేను ఎప్పుడూ వినలేదు. కాసేపటికి అమ్మ ఫోన్ అందుకుంది. "రేపు పొద్దున నువ్వొచ్చేదాకా ఉంచుతాం. ఫ్రీజర్ బాక్స్ తెప్పిస్తున్నారు. నువ్వు కంగారుపడి ఏదీ చేయకు" అంది. నాకేం అడగాలో తెలియక, "అమ్మా, పొద్దున్నుంచి జపం చేసుకుంటున్నాను, ఇప్పుడు మైల కదా, ఆపేయాలా?" అని అడిగాను. అమ్మ ఒక్క క్షణం ఆగింది. "కుదిరితే తలస్నానం చెయ్యి. కుదరకపోతే ఇంటికొచ్చి చేద్దువుగాని. పూజకి మైల గానీ స్మరణకి మైలేంట్రా. మనసులో అనుకుంటూనే ఉండు, నానమ్మ కోసం అనుకో" అంది.

ఒక లాంజ్‌లో డబ్బు కట్టి తలస్నానం చేశాను. ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చాను కూడా. బయటికొచ్చి టైం చూస్తే ఇంకా మూడున్నర కాలేదు. ఫ్లైట్‌కి ఏడు గంటలుంది.

ఇప్పుడు ఈ ఏడు గంటల గురించే మీతో మాట్లాడాలి. పొద్దున్నుంచి ఉన్నది భయం. ఇప్పుడు వచ్చింది విషం. "సంక్రాంతికి వెళ్ళి ఉంటే" అన్న మాట లోపల తిరుగుతూనే ఉంది. ఇంట్లో ఉంటే చేయడానికి పనులుంటాయి. చుట్టాలకి ఫోన్లు చేయాలి, కుర్చీలు వేయాలి, వచ్చినవాళ్ళని చూసుకోవాలి. ఎయిర్‌పోర్ట్‌లో ఏమీ లేదు. నువ్వూ, ఆ మాటా, అంతే.

మళ్ళీ ఆ శిల్పం ముందుకే వెళ్ళి కూర్చున్నాను. హాలాహలం పుట్టినప్పుడు అందరూ పరమశివుడి దగ్గరికి పరిగెత్తారు. ఆయన పార్వతీదేవితో చెప్పి, ఆమె సరేనన్నాకే దాన్ని అరచేతిలోకి తీసుకుని మింగాడు. విషం గొంతు నల్లబరిచింది, అదే ఆయనకి ఆభరణమైంది. పెద్దలు దీన్ని ఇంకోలా కూడా చెబుతారు. కడుపులోకి దిగనిస్తే అక్కడున్న లోకాలకి ముప్పు, బయటికి ఉమ్మితే బయటి లోకాలకి ముప్పు, అందుకే గొంతులోనే నిలిపాడని. చిన్నప్పుడు ఇది శివుడి గొప్ప అనుకున్నాను. గొప్పే. కానీ ఆ సాయంత్రం నాకది ఒక దారిలా కనిపించింది.

పశ్చాత్తాపాన్ని పూర్తిగా లోపలికి దిగనిస్తే మనల్ని తినేస్తుంది. "నేనొక పనికిరాని మనవణ్ణి" అనే దగ్గర మొదలై ఎక్కడికి పోతుందో తెలియదు. బయటికి కక్కేస్తే ఎవరో ఒకరి మీద పడుతుంది. ఆఫీసు మీద, మేనేజర్ మీద, "ముందే ఎందుకు చెప్పలేదు" అని నాన్న మీద. నిజం చెబుతున్నాను, నాన్నకి అలాంటి మెసేజ్ ఒకటి టైప్ చేసి, పంపకుండా చెరిపేశాను. మూడో దారి, పట్టుకుని కూర్చోవడం. అవును, నేను వెళ్ళలేదు. అది తప్పే. ఆ తప్పు నాదే. దాన్ని చిన్నది చేయను, ఇంకొకరి మీద వేయను, దాని కింద పడి నలిగిపోను. గొంతులో మంటగానే ఉంటుంది, ఉండనీ. నామం వచ్చేదీ ఆ గొంతులోంచే కదా.

ఐదు దాటాక ఒక తెలుగు కుటుంబం వచ్చింది. "అన్నా, ఒక ఫోటో తీస్తారా?" అని అడిగాడు ఆ నాన్న. తీశాను. వాళ్ళకి ఆరేళ్ళ బాబున్నాడు. తాబేలు దగ్గర నుంచి కదలడు. "అంకుల్, ఈ కొండ దాని మీద ఎందుకు పెట్టారు? దానికి నొప్పి కాదా?" అని నన్ను అడిగాడు.

ఒక్క నిమిషం మాట రాలేదు. తర్వాత వాడి పక్కన కింద కూర్చుని, నానమ్మ నాకు చెప్పినట్టే చెప్పాను. "మొదట కొండని ఊరికే సముద్రంలో పెట్టారు నాన్నా. కింద ఆధారం లేదు కదా, బుడుంగున మునిగిపోయింది. అందరూ దిగులు పడిపోయారు. అప్పుడు విష్ణుమూర్తి పేద్ద తాబేలై కిందికెళ్ళి, వీపు మీద కొండని ఎత్తి పట్టుకున్నాడు. వీళ్ళు గిర్రున తిప్పుతుంటే ఆయనకి నొప్పి కాలేదు. వీపు గోకుతున్నట్టు హాయిగా ఉందంట."

వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఆ రోజు మొదటిసారి. ఈ వీపు గోకడం నానమ్మ కల్పించింది కాదు, భాగవతంలో ఉన్న మాటే. కొండ తిరుగుతుంటే స్వామికి దురద తీరినట్టు సుఖంగా ఉందని ఉంటుంది. ఈ కథ చెప్పి నానమ్మ అటు తిరిగి పడుకుని, "ఏదీ, నా వీపు కూడా గోకు, మందరగిరి తిప్పినట్టు" అనేది. వీడియోలో నా గొంతు పట్టేసింది ఇక్కడే.

ఆ రాత్రి గేట్ దగ్గర కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది. మథనంలో అందరికీ కనిపించేది లాగేవాళ్ళు. కింద మోసేవాడు కనిపించడు, నీళ్ళలో ఉంటాడు. వ్యాసుల వారు ఇంకో మాట కూడా చెప్పారు. స్వామి కింద తాబేలుగా ఉన్నాడు, పైన కొండ కదలకుండా పట్టుకునీ ఉన్నాడు, లాగేవాళ్ళలో బలంగానూ ఉన్నాడు. అందరూ అలసిపోయి, ఎంత చిలికినా అమృతం పడకపోతే, తనే తాడు పట్టుకుని చిలికాడు. మన వంతు మనం చేస్తూ చేస్తూ ఇక చేతకాని చోట ఆయన చెయ్యి పడుతుంది. నా వరకు ఆ రోజు ఆ చెయ్యి అమ్మ మాటలో పడింది, ఆ పిల్లాడి ప్రశ్నలో పడింది. నాకు కథ చెప్పిన మనిషి వెళ్ళిపోయిన మూడు గంటలకే, ఆ కథ ఇంకో చిన్న బుర్రలోకి వెళ్ళింది. అక్కడ లేకపోతే నేను ఆ పని చేసేవాణ్ణి కాదు.

అందుకని లేఓవర్ బాధ లేదని అనను. మర్నాడు పొద్దున ఏడింటికి ఇంటికి చేరాను. నానమ్మని చూశాను. ఉగాదికి రమ్మన్న మనిషి పలకలేదు. ఆ మంట ఇప్పటికీ ఉంది. కానీ ఆ పదహారున్నర గంటలు నా జీవితంలో పోయిన టైం అని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

మీకు మళ్ళీ ఎప్పుడైనా పొడవాటి లేఓవర్ పడితే, అది సంతోషంగా వెళ్ళే ప్రయాణమే కావాలని కోరుకుంటున్నాను, ఒక్క నాలుగు పనులు చేయండి. దిగగానే స్నానమో, ముఖం కడుక్కోవడమో చేసి, మీ గేట్ ఎక్కడో చూసుకుని అలారం పెట్టుకోండి. దాంతో సగం భయం పోతుంది. ఫోన్ చూసే వేళలు మీరే పెట్టుకోండి, దాన్ని పెట్టనివ్వకండి. ఒక అధ్యాయమో ఒక స్తోత్రమో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. నడుస్తూ నామం చెప్పుకోండి, పెద్ద ఎయిర్‌పోర్ట్ అంత మంచి ప్రదక్షిణ దారి ఇంకెక్కడా దొరకదు. ఊరు చూసే వీలుంటే చూడండి, లాంజ్‌కి వెళ్ళాలంటే వెళ్ళండి. తాడు మాత్రం చేతిలో ఉండనివ్వండి.

ఇంకొక్కటి. ఇది సలహా కాదు, బతిమాలుతున్నాను అనుకోండి. మీ ఇంట్లో "పండక్కి వస్తావా" అని అడిగే నానమ్మో, అమ్మమ్మో, తాతయ్యో ఉంటే, ఈ పోస్ట్ మూసేసి ఫోన్ చేయండి. వీలైతే టికెట్ కొనండి. లేఓవర్ ఎంత పొడుగైనా పర్లేదు.

వచ్చే వారం ధన్వంతరి గురించి మాట్లాడుకుందాం.

జై శ్రీమన్నారాయణ.